మంచినీళ్ల సంగతి అడిగిన డాక్టరమ్మకి

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం నాన్న పప్పుచారు అన్నం మధ్యలో ఒక్కసారి కూడా లేవకుండా తిన్నారు. అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చేసింది. రెండేళ్లయిందండి ఆయన అలా తిని.

మాది ముమ్మిడివరం దగ్గర. నాన్న కొబ్బరి రైతు. "ముద్ద గుండెల దగ్గర ఆగిపోతోందిరా" అనేవారు. గ్యాస్ అన్నారు, మాత్రలు వాడాం. ఎండోస్కోపీలో పుండూ లేదు, గడ్డా లేదు. అయినా రాత్రి పడుకుంటే తిన్నది తిన్నట్టే నోట్లోకి వచ్చేది, ఒకటే దగ్గు. పడక్కుర్చీలోనే నిద్ర. 14 కిలోలు తగ్గిపోయారు. బంతిలోంచి అందరిముందూ లేవాల్సి వస్తుందని పెళ్లిళ్లకి వెళ్లడం మానేశారు. నాకు అన్నిటికంటే బాధనిపించింది అదే.

కాకినాడలో ఆ డాక్టరమ్మ రిపోర్టులు పక్కనపెట్టి, "మంచినీళ్లు కూడా ఆగుతున్నాయా తాతగారూ?" అని అడిగారు. "ఆయ్, మొదట్నుంచీ అంతేనండి" అన్నారు నాన్న. మమ్మల్ని అంతకుముందు ఎవరూ అది అడగలేదు, మేమూ చెప్పలేదు. గడ్డలాంటిది అడ్డముంటే మామూలుగా ముందు ముద్ద ఆగుతుందట, నీళ్లు ఆగేది తర్వాతట. రెండూ మొదట్నుంచీ ఆగుతుంటే అన్నవాహిక కదలికలు చూడాలన్నారు. బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే అన్నవాహిక కింది కొస పక్షి ముక్కులా సన్నబడి కనిపించింది. విశాఖలో మానోమెట్రీ చేయించాం. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, గుటక గుటకకీ లోపలి ఒత్తిడి కొలుస్తారు. దాంతో ఖాయమైంది: అకలేసియా. ఏడాదికి లక్షమందిలో సుమారు ఒకరికి కొత్తగా వస్తుందట. అన్నవాహికలోని నరాలు దెబ్బతిని, దాని కింది కొసలో గుటక వేసినప్పుడు వదులవ్వాల్సిన కండరం బిగుసుకునే ఉంటుంది.

"లాకు తలుపు తెరుచుకోవట్లేదన్నమాట, కాలవ వెనక్కి తన్నుతోంది" అన్నారు నాన్న. సరిగ్గా అదేనన్నారు డాక్టరమ్మ.

పోయెమ్ అనే పద్ధతిలో నోట్లోంచే ఎండోస్కోప్ పంపి ఆ కండరాన్ని కోశారు. పైకి కోతా లేదు, కుట్లూ లేవు. పోయిన నరాలు తిరిగి రావని, ఎసిడిటీ రావచ్చని, మళ్లీ మళ్లీ చూపించుకోవాలని చెప్పారు. చూపించుకుంటాం.

డాక్టరమ్మా, పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. మీకు మా ఇంటిల్లిపాదీ దణ్ణాలు. గొట్టం వేస్తున్నంతసేపూ నాన్న చెయ్యి పట్టుకున్న టెక్నీషియన్ బాబుకీ, తెల్లారుజామున 3 గంటలకి కారు తీసిన పక్కింటి బాబాయికీ కృతజ్ఞతలు. మేం లేనప్పుడు దింపు తీసి, కాయలు రాశి పోసి, కూలి కూడా అడగని మా తోట మనుషులకి ఒక మాట: ఆ డబ్బులు ఈ వారం ఇంటికి తెచ్చిస్తాను, దయచేసి వద్దనకండి.