కాళోజీ కళాక్షేత్రంలో నెలకొక ఆదివారం ప్రపంచ సినిమాకు ఇవ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

హనుమకొండ బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబర్ 19న ప్రారంభమైంది. మేము ఏళ్ల తరబడి ఎదురుచూసిన భవనం అది. అందులో నెలకొక ఆదివారం విదేశీ సినిమా వేయించండి. వేసేవాటిలో సగమైనా మహిళా దర్శకులవి ఉండాలి. అన్నింటికీ తెలుగు సబ్‌టైటిల్స్ ఉండాలి.

ఈ చివరి మాటే నాకు అన్నిటికన్నా ముఖ్యం. మంచి సినిమా అంటే హైదరాబాద్ పోవాలి, పోయినా సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో ఉంటాయి. ఇంగ్లీషు గబగబా చదవలేని మనిషి మొదటి పది నిమిషాల్లోనే లేచి ఇంటికి పోతుంది. కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం కదా, ఆయన పేరున్న హాల్లోనైనా తెర మీద తెలుగు అక్షరాలు కనబడాలి. కాకతీయ యూనివర్సిటీ విద్యార్థులకు గౌరవ వేతనం ఇచ్చి సబ్‌టైటిల్స్ రాసే పని చేయించండి. సంతోషంగా చేస్తారు.

మొదటి సినిమాగా హైఫా అల్ మన్సూర్ తీసిన 'వాజ్దా' వేయండి. 2012లో వచ్చింది. పూర్తిగా సౌదీ అరేబియాలోనే తీసిన మొదటి ఫీచర్ ఫిల్మ్ అది, తీసింది ఆ దేశపు మహిళ. అప్పటికి అక్కడ సినిమా హాళ్ల మీద నిషేధం ఉంది. వీధిలో మగవాళ్ల మధ్య నిలబడి పని చేయించే వీలు లేక ఆమె వ్యాన్‌లో కూర్చొని వాకీటాకీలో డైరెక్షన్ చేసింది. కథ చిన్నదే. ఒక చిన్నపిల్ల ఆకుపచ్చ సైకిల్ మీద మనసు పడి, ఆ డబ్బుల కోసం ఖురాన్ పఠన పోటీకి పేరిస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి ఎంతమంది మగవాళ్లు సౌదీకి పోయారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ ఉండిపోయిన వాళ్ల భార్యలు, తల్లులు ఆ దేశపు ఇంటి లోపల ఆడవాళ్ల బతుకు ఎట్లుంటదో ఎన్నడన్నా చూశారా? ఈ సినిమా వాళ్ల కోసమే తీసినట్టు ఉంటుంది.

బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకెర్‌మాన్ పాతికేళ్లు నిండకముందే 1975లో 'జాన్ దీల్‌మాన్' తీసింది. 2022లో సైట్ అండ్ సౌండ్ పత్రిక విమర్శకుల ఓటింగ్‌లో చరిత్రలోనే గొప్ప సినిమాగా మొదటి స్థానం దానికే వచ్చింది. అదీ వేయండి. నిడివి మూడు గంటల ఇరవై నిమిషాలు. ఒకావిడ వంటింట్లో కూర్చొని ఆలుగడ్డల పొట్టు తీస్తుంది, కెమెరా కదలదు. జనం కూర్చోరు అంటారు. పొద్దంతా బీడీలు చుట్టే మన ఆడవాళ్లు ఆ చేతుల్ని గుర్తుపడతారని నా నమ్మకం.

ఆడవాళ్లు డైరెక్షన్ చేయడం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. భానుమతి 1953లోనే 'చండీరాణి' తీశారు, విజయనిర్మల 44 సినిమాలు తీసి గిన్నిస్ రికార్డులకెక్కారు. 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో మన దర్శకురాలు పాయల్ కపాడియా సినిమా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'కు గ్రాండ్ ప్రి బహుమతి వస్తే దేశమంతా చప్పట్లు కొట్టింది. కానీ ఆ సినిమాను హాల్లో చూసినవాళ్లు మా ఊళ్లో ఎందరు?

కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ లాంటివి దశాబ్దాలుగా సొంత ఓపికతో ఇలాంటి సినిమాలు వేస్తున్నాయి. కానీ ప్రదర్శన హక్కుల ఫీజు కట్టడం, సెన్సార్ సర్టిఫికెట్ లేని విదేశీ సినిమాకు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తేవడం చిన్న సంఘాలకు భారం. మన రాష్ట్ర ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ తలుచుకుంటే అది పెద్ద పని కాదు. కేరళలో ప్రభుత్వమే 1998లో చలచిత్ర అకాడమీ పెట్టి ఏటా అంతర్జాతీయ ఉత్సవం నడిపిస్తోంది.

దయచేసి సెకండ్ షో టైమ్ పెట్టకండి. మధ్యాహ్నం మూడింటికి మొదలైతే ములుగు, జనగామ నుంచి వచ్చిన అమ్మాయిలు టెన్షన్ లేకుండా బస్సెక్కి ఇంటికి పోతారు. మార్చి 8న మహిళా దినోత్సవానికి ఒక్క సినిమా వేసి ఫోటోలు దిగి వదిలేయొద్దు, ఏడాది పొడుగునా నడవాలి. ఒకసారి తెలుగు సబ్‌టైటిల్స్ తయారైతే, ప్రదర్శన హక్కులు తీసుకునేటప్పుడే కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్‌లనూ కలుపుకోవచ్చు. కార్పొరేషన్‌కు ఈ మేరకు ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక ప్రేక్షకురాలు