ముందు మట్టి పరీక్ష చేయించండి

సంపాదకునికి,

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక వాడల్లో దాదాపు 9,300 ఎకరాలను ఇళ్లకు, ఆఫీసులకు మార్చుకోవచ్చని ప్రభుత్వం 2025 నవంబరులో విధానం తెచ్చింది. అందులో మా కాటేదాన్ కూడా ఉంది. చర్చంతా ఫీజు ఎంత, ఎకరం ధరెంత అన్నదాని మీదే. మట్టి సంగతి ఎవరూ ఎత్తరేం?

మా వీధి చివర మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్డు ఒకటుంది. రేకులు ఎప్పుడో పోయాయి. గోడ పక్కన గడ్డి కూడా మొలవని నల్లటి జాగా. వాన పడితే నీళ్లమీద రంగురంగుల తెట్టు తేలుతుంది. పిల్లలు క్రికెట్ ఆడేది అక్కడే. రాత్రి బకెట్లో పట్టిన బోరు నీళ్లకు తెల్లారేసరికి అడుగున పసుపుపచ్చటి మడ్డి.

ఇక్కడి మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2008లోనే ప్రచురించారు. సీసం పైన టైల్స్ వేస్తే మాయమయ్యేది కాదు. పునాదికి తవ్విన మట్టి రాత్రికి రాత్రి ఏ చెరువులో పడుతుందో అందరికీ తెలిసిందే!

కలుషిత స్థలాల శుద్ధి ఖర్చు పాడుచేసినవాళ్లే భరించాలని కేంద్రం 2025 జులైలో నిబంధనలు తెచ్చింది. ఏ ప్లాటుకాప్లాటు మట్టి, భూగర్భజలం పరీక్షించి, ఫలితాలు వార్డు ఆఫీసు గోడకు అంటించాకే అనుమతులివ్వాలి.

– ఒక కాటేదాన్ వాసి, హైదరాబాద్