ప్రాగ్ వంతెన మీద గుర్తొచ్చిన మన హేవలాక్

సంపాదకులకు నమస్కారం. ఈమధ్య నేనూ మా ఫ్రెండూ చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ వెళ్లొచ్చామండీ. ఊరంతా ఒక ఎత్తు, వల్టావా నది మీద చార్లెస్ వంతెన ఒక ఎత్తు. 1357లో నాలుగో చార్లెస్ చక్రవర్తి మొదలుపెట్టించిన రాతి వంతెన, రెండు వైపులా కలిపి 30 విగ్రహాలు, బండ్లు రానివ్వరు, అంతా నడిచేవాళ్లే, బొమ్మలు గీసేవాళ్లూ వాయిద్యాలు వాయించేవాళ్లూ, మావాడైతే అక్కడ గంటసేపు కదల్లేదు, చివరికి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఊళ్లో పాత టౌన్‌హాల్‌కి ఉన్న 1410 నాటి గడియారం గంట కొట్టేటప్పుడు కిటికీల్లో బొమ్మలు తిరుగుతుంటే ఇద్దరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం!

రాజమండ్రి హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసింది. దాని మీద కూడా సాయంత్రం పూట జనం అలా నడవాలి. గోదావరి మీద పొద్దు గుంకడం ప్రాగ్‌లో దొరకదు కదా. అధికారులు త్వరగా పూనుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, రావులపాలెం