విషయం: రిపేరు తర్వాత తుపాకి హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) దానంతట అదే పడుతున్నందుకు ఫిర్యాదు

పలమనేరు,
చిత్తూరు జిల్లా.

మేనేజర్ గారికి,

అయ్యా,

పోయిన నెల చిత్తూరులోని మీ షాపులో నా పన్నెండు బోరు డబుల్ బ్యారల్ తుపాకిని రిపేరుకు ఇచ్చాను. కుడి ట్రిగ్గర్ మరీ బిగుసుగా ఉంది, కాస్త చూడమన్నాను. వారం తర్వాత తిరిగి ఇస్తూ, "ఇప్పుడు వెన్నలా ఉంది సార్" అన్నాడు మీ మెకానిక్. 2,400 రూపాయలు కట్టాను. బిల్లు నకలు జత చేశాను.

ఆ వెన్న సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

పట్టాళంలో పదిహేడేళ్లు పనిచేసినవాణ్ణి. ఎంత పెద్ద మేస్త్రి బాగుచేసి ఇచ్చినా, అసలు తూటా వేసేముందు ఒకసారి పరీక్షించుకోనిదే నాకు నిద్ర పట్టదు. ఇంట్లోవాళ్లను బయటికి పంపాను. తుపాకి తెరిచి రెండు గొట్టాల్లోంచీ వెలుతురు చూశాను. డమ్మీ తూటాలు పెట్టి మూసి, సేఫ్టీ వేశాను. గోనెసంచి నాలుగు మడతలు పెట్టి, తుపాకి మడమను (బట్‌ను) జానెడెత్తు నుంచి దానిమీద దించాను. ట్రిగ్గర్ దరిదాపుల్లో నా వేలు లేదు. అయినా 'టక్' మంది. కుడి హ్యామర్ పడిపోయింది. పదిసార్లు దించితే నాలుగుసార్లు అదే తంతు. "ఏం చప్పుడు తాతా?" అని బయటినుంచి మా మనవరాలు అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాను గానీ చేతులు వణికాయి.

ట్రిగ్గర్ తేలికవ్వాలని మీవాడు హ్యామర్‌ను పట్టి ఉంచే కొక్కేన్ని ఆకురాయితో అరగదీసినట్టున్నాడు. ఇలాంటి డబుల్ బ్యారళ్లలో చాలావాటికి సేఫ్టీ ట్రిగ్గర్‌ను కదలనివ్వదే తప్ప హ్యామర్‌ను ఆపదు. కొక్కెం పట్టు తప్పితే సేఫ్టీ వేసి ఉన్నా ఒక్క కుదుపు చాలు. తోటలో తడబడి నేను పడ్డా చాలు. ఈ మాత్రం తెలియనివాడి చేతికి ఆకురాయి ఎలా ఇచ్చారు?

ఇంకొకటి. "సెల్ఫ్ డిఫెన్స్‌కే కదా సార్, రెండు తూటాలు వేసి మంచం పక్కనే పెట్టుకోండి, దొంగొస్తే వేసెయ్యొచ్చు" అని మీ కౌంటర్‌లో కుర్రాడు సలహా ఇచ్చాడు. ఆ మాట వినుంటే ఈపాటికి మా ఇంట్లో ఏమై ఉండేదో! పైగా గోడ దూకి పారిపోయేవాణ్ణి వెనకనుంచి కాలిస్తే అది ఆత్మరక్షణ అనిపించుకోదు. అవసరానికి మించి హాని చేయకూడదని, పోలీసుల సాయం అందుకునే వ్యవధి ఉంటే ఆ హక్కే ఉండదని భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ చెబుతోంది. మాది ఒంటరి ఇల్లు, అడవి అంచు. అర్ధరాత్రి అలికిడైతే ముందు తలుపుల గడియలు చూసుకుంటాం, లైట్లన్నీ వేస్తాం, 112కి ఫోన్ చేస్తాం. ఏనుగులొస్తే ఫారెస్టువాళ్లకు చెప్పి కదలకుండా లోపలే కూర్చుంటాం. తుపాకి బీరువాలో, తూటాలు వేరే పెట్టెలో, తాళంచెవి నా మొలతాడుకు.

నా డబ్బు వాపసు ఇచ్చి, ఆ భాగం మీ ఖర్చుతో కొత్తది వేయించండి. అంతకంటే ముందు, అదే మెకానిక్ ట్రిగ్గర్ పని చేసిన మిగతా తుపాకుల యజమానులకు ఈరోజే ఫోన్లు చేయండి. మీ రిజిస్టర్లో అందరి పేర్లూ ఉంటాయి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను, లైసెన్సు అధికారులకూ రాస్తాను.

తుపాకి తెచ్చేందుకు మనిషిని పంపుతామని మొన్న ఫోన్లో అన్నారు. లైసెన్సు నా పేరున ఉంది, ఎవరి చేతికీ ఇవ్వను. మీ పెద్ద మేస్త్రి ఉండే రోజు చెప్పండి, నేనే తెస్తాను. గోనెసంచి కూడా తెస్తాను.

ఇట్లు,
మీ షాపు పాత ఖాతాదారు