‘విశ్వాసం తక్కువైంది’ అనకండి

సంపాదకులకు,

ప్రార్థించబోతే నోట మాట రాని విశ్వాసిని చూసి ‘నీకు విశ్వాసం తక్కువైంది’ అనేస్తారు. శోధనలో, అంటే కష్టాల పరీక్షలో ఉన్నవాడికి అది రెండో దెబ్బ. బైబిల్లోని 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలే. దేవుణ్ణి నిలదీయడం అవిశ్వాసమైతే, అవి అందులో ఉండేవే కావు.

ముందుగా పట్టుకోవాల్సింది 13వ కీర్తన. ఆరే వచనాలు. ‘ఎంతకాలం’ అన్న ప్రశ్న మొదటి రెండింట్లోనే నాలుగుసార్లు వస్తుంది. పైకి వినబడేలా చదివి అక్కడ ఆగాలి. అప్పో, జబ్బో, పోయిన బిడ్డో, ఉన్న బాధను పేరు పెట్టి చెప్పాలి. 3, 4 వచనాలు మనవి. నమ్మిక మాట అయిదో వచనంలో గానీ రాదు. చాలామంది తప్పటడుగు ఇక్కడే: మొదటి రెండూ మింగేసి నేరుగా అయిదుకు దూకుతారు. పెదవులు స్తోత్రం అంటుంటాయి, లోపలి మంట అలాగే ఉంటుంది. అయిదో వచనం నోరు దాటని రోజున నాలుగుతో ఆపేసినా తప్పులేదు. 88వ కీర్తన 18 వచనాలూ నడిచి చీకటిలోనే ముగుస్తుంది, అదీ ప్రార్థనే. సిలువ మీద యేసు పలికిన ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు’ అన్నది కూడా 22వ కీర్తన మొదటి మాటే.

రోజూ ఒకే వేళకు, పది నిమిషాలు, వారమంతా అదే కీర్తన. బైబిలు ఎక్కడో తెరిచి కంటబడిన వచనాన్ని జోస్యంలా పట్టుకోవడం వద్దు. అది భయాన్నే పెంచుతుంది.

నీరసించిన మనిషికి ఉపవాసం చెప్పేవాళ్లు బైబిల్లో 1 రాజులు గ్రంథం 19వ అధ్యాయం చూడాలి. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత మందలింపు తేలేదు. కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి పెట్టాడు. దేవుని కొండ హోరేబుకు ప్రయాణం ఆ తర్వాతే. నిద్ర, ఆకలి వారాల తరబడి చెడినా, చావు తలపులు వచ్చినా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. చావు తలపులైతే ఆ రోజే, మనిషిని ఒంటరిగా వదలకుండా.

పరామర్శకు వెళ్లేవారికి, బిడ్డల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులే పాఠం. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపూ బాగానే చేశారు. నోరు తెరిచి కారణాలు వెతికాకే చెడింది; చివరికి యోబు గ్రంథం 42వ అధ్యాయంలో దేవుడు కోపించింది వాళ్ల మీదే, అన్ని ప్రశ్నలడిగిన యోబు మీద కాదు. కాబట్టి అరగంట కూర్చోండి, అడిగితే ఒక కీర్తన చదవండి, మళ్లీ ఎప్పుడొస్తారో చెప్పి లేవండి.

ఇట్లు,
ఒక సంఘ సేవకుడు