చుక్క కోలుకుంది, సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

మేత అడ్డుపడి జబ్బుపడ్డ మా పెట్టకోడి చుక్క ఇప్పుడు బాగుంది. రోజూ మెసేజ్ పెట్టి "పెట్ట ఎలా ఉంది?" అని అడిగినవాళ్లకి ముందుగా ఈ మాట చెప్పాలి. పొద్దున్నే చూస్తే చుక్క మెడ కింది మేతసంచి ఖాళీగా ఉంటోంది, రెట్ట మామూలుగా పడుతోంది, మిగతా పెట్టల్ని పక్కకి నెట్టి మరీ మేత దగ్గరికి వస్తోంది.

కోళ్లు పెంచనివాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను. కోడి తిన్నది నేరుగా పొట్టలోకి పోదు. మెడ కింద, రొమ్ముకి కుడివైపున ఒక సంచి ఉంటుంది. దాన్నే క్రాప్ అంటారు. మేత అక్కడ నాని, మెత్తబడి, కొద్దికొద్దిగా కిందికి దిగి కందనకాయలో నలుగుతుంది. సాయంత్రానికి ఆ సంచి ఉబ్బి ఉండటం మామూలే. కానీ రాత్రంతా ఏమీ తినకుండా పడుకుని లేచాక కూడా నిండుగానే ఉందంటే మేత కదలడం లేదని అర్థం. చుక్క విషయంలో జరిగింది అదే. సంచి తగ్గలేదు, మేత ముట్టలేదు, ఓ మూల ముడుచుకుని కూర్చుంది. నాకు టెన్షన్‌తో కాళ్లూ చేతులూ ఆడలేదు.

నా మొదటి కృతజ్ఞత అక్కకి. పేరు రాయొద్దన్నారు కాబట్టి అక్క అనే రాస్తున్నాను. ఏళ్ల తరబడి కోళ్లు పెంచిన మనిషి. నేను ఫోన్ చేసి ఏం మందు వెయ్యాలని అడిగితే మందు పేరే ఎత్తలేదు. "మేత వెయ్యకముందు చెయ్యి పెట్టి చూశావా? గట్టిగా ఉందా, నీళ్లు నిండినట్టు ఊగుతోందా? నోటి దగ్గర వాసన వస్తోందా?" అని అడిగారు. వైద్యం ఎటు పోవాలో ఈ ప్రశ్నలే తేలుస్తాయి. సంచి పిండిముద్దలా గట్టిగా ఉంటే పొడవాటి గడ్డో, పీచో, తాడుముక్కో లోపల ఉండ కట్టి అడ్డుపడిందని అనుమానించాలి. మెత్తగా ఊగుతూ, ముక్కు తెరవగానే పులిసిన కంపు కొడితే కాండిడా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) పెరిగి ఉండొచ్చు. దాన్ని సోర్ క్రాప్ అంటారు. మొదటిది ముదిరితే రెండోదానికి దారి తీయొచ్చు, ఎందుకంటే కదలని మేత లోపలే పులుస్తుంది. చుక్కది గట్టి రకం, వాసన లేదు.

అక్క చెప్పిన ఇంకో మాటకి మాత్రం నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఇలాంటప్పుడు కోడిని తలకిందులుగా పట్టుకుని కక్కించమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. "ఎవరు చెప్పినా ఆ పని చెయ్యకు" అని అక్క గట్టిగా చెప్పారు. కోడికి గాలిగొట్టం నోరు నాలుక వెనకాలే ఉంటుంది. సంచిలోంచి పైకి వచ్చింది అందులోకి పోతే ఊపిరాడక అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు.

డాక్టర్ గారికి రెండు చేతులూ జోడించి నమస్కారం. పెట్టే కదా అని తేలిగ్గా తీసుకోలేదు. సంచి ఒక్కటే చూసి పంపించెయ్యకుండా రొమ్ము ఎముక తడిమి ఎంత చిక్కిందో చూశారు, లోపల గుడ్డు ఏమైనా అడ్డుపడిందేమో చూశారు, పురుగుల గురించి అడిగారు. క్రాప్ ఆగిపోవడం ఒక్కోసారి అసలు జబ్బు కాదని, నరాలని దెబ్బతీసే మారెక్స్ లాంటి జబ్బుకి లక్షణంగా కూడా రావచ్చని చెప్పారు. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ ఏదో ఒకటి వేసేస్తే ఈస్ట్ ఇంకా పెరగొచ్చు కాబట్టి వద్దన్నారు. ఈస్ట్ సమస్యే అయితే దానికి నిస్టాటిన్ లాంటి వేరే మందు ఉందట, అదీ పక్షి బరువు చూసి డాక్టరే రాయాలి. ఇంటి వైద్యానికి కదలకపోతే సంచి కోసి శుభ్రం చేసే ఆపరేషన్ ఉందని, కాబట్టి ఆలస్యం చెయ్యకుండా మళ్లీ తీసుకురమ్మని చెప్పారు. ఆ మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది.

ఆయన చెప్పినట్టే చుక్కని విడిగా ఉంచి, గింజలూ గడ్డీ ఆపేశాం. ఒక రోజుకి మించి పస్తు పెట్టకూడదు, మంచినీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కాస్త నూనెని ముక్కు పక్కన చుక్కచుక్కగా వదిలి, అది తనంతట తాను మింగేదాకా ఆగాలి. సిరంజితో గొంతులోకి ఒక్కసారి కొట్టకూడదు.

ఇక్కడ పక్కింటి పిన్నిగారి గురించి చెప్పాలి. తన ఇంటి పనులన్నీ వదిలేసి వచ్చి, చుక్కని తువాలులో చుట్టి ఒళ్లో నిటారుగా పట్టుకుని కూర్చునేవారు. నేను వేళ్లతో సంచిని నెమ్మదిగా, ఏమాత్రం నొక్కేయకుండా, గుండ్రంగా రాసేదాన్ని. మొదట్లో వేళ్ల కింద గట్టి ముద్ద ఒక్కటే తగిలేది. రోజుకి కొన్నిసార్లు అలా చేయగా చేయగా దాని అంచు మెత్తబడింది, ఆ తర్వాత ముద్ద చీలి రెండు ముక్కలుగా తగిలింది. లోపల గుడగుడమని చప్పుడు కూడా వినబడింది. పిన్నిగారికి చెబితే ఆవిడ కూడా చెయ్యి పెట్టి చూసి "కదిలిందమ్మా, కదిలింది" అన్నారు. పస్తు వల్ల ఆకుపచ్చగా, నీళ్లలా పడిన రెట్ట కూడా మెల్లగా గట్టిపడింది.

మళ్లీ మేత మొదలుపెట్టేటప్పుడు తొందరపడొద్దని అక్క రోజూ గుర్తుచేశారు. నీళ్లలో నానబెట్టిన మెత్తటి మేత కొంచెం కొంచెంగా పెట్టాం. తెల్లారి సంచి ఖాళీ అయిందని చూసుకున్నాకే మోతాదు పెంచాం. ఇప్పుడు కందనకాయకి కావలసిన చిన్న రాళ్ల రవ్వ విడిగా ఒక గిన్నెలో ఉంచుతున్నాం. గడ్డి పెడితే పొట్టిగా తరిగి పెడుతున్నాం.

అర్ధరాత్రి కూడా ఫోన్ ఎత్తిన అక్కకి, డాక్టర్ గారికి, పిన్నిగారికి, ధైర్యం చెప్పిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మీలో ఎవరి పెట్టకైనా పొద్దున్నే సంచి నిండుగా కనిపిస్తే నాకు ఫోన్ చెయ్యండి. చెయ్యి పెట్టి ఎలా చూడాలో వచ్చి చూపిస్తాను, అవసరమైతే డాక్టర్ దగ్గరికి మీతో పాటు నేనూ వస్తాను.