ఆ ఎర్ర మచ్చ గురించి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ‘మెదడులో ప్రేమ స్పర్శ చోటు దొరికింది’ అంటూ ఎర్రటి మచ్చతో స్కాన్ బొమ్మ వేశారు. నేను ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌ని. ఆ మర్నాడే తలనొప్పికని స్కాన్‌కి వచ్చిన ఒక పెద్దావిడ, “బాబూ, మా కోడలికి నా మీద ప్రేముందో లేదో కూడా ఇందులో తెలుస్తుందటగా?” అని అడిగింది. నవ్వొచ్చింది గానీ, అందులో ఆవిడ తప్పేముంది?

అలాంటి పరీక్షలో యంత్రం కొలిచేది రక్తంలో ఆక్సిజన్ తేడాని. మెదడులో ఒకచోట పని పెరిగితే అక్కడికి రక్తం ఎక్కువ వస్తుంది, అదీ నాలుగైదు సెకన్లు ఆలస్యంగా. చర్మాన్ని నిమిరినప్పుడూ, నిమరనప్పుడూ తీసిన కొలతలు పోల్చి, తేడా గట్టిగా కనిపించినచోట కంప్యూటర్ రంగు పూస్తుంది. మా ఆసుపత్రుల్లో ఎక్కువగా ఉండేవి 1.5, 3 టెస్లా యంత్రాలు (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత). పరిశోధనలకు వాడే 7 టెస్లాలో మిల్లీమీటరంత ముక్కని కూడా విడదీసి చూడొచ్చు. ఆ ముక్కలోనూ వేల నాడీకణాలుంటాయి.

ఆ బొమ్మ వెనకున్న పరిశోధన మాత్రం చిన్నదేం కాదు. ముంజేతి లాంటి రోమాలున్న చర్మంలో సీ-టాక్టైల్ అనే సన్నటి నరాలున్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే అవి బాగా పలుకుతాయి. జబ్బు వల్ల స్పర్శ తెలిపే మందపాటి నరాలు పోయి, ఈ సన్నవి మాత్రమే మిగిలిన ఒక మహిళ ముంజేతిని మెత్తటి బ్రష్‌తో నిమురుతూ, స్వీడన్ శాస్త్రవేత్త హోకాన్ ఓలాసన్ బృందం స్కాన్ చేసింది. 2002లో ఫలితం ప్రచురించారు. మెదడులో స్పర్శని గుర్తించే మామూలు భాగంలో ఏమీ కనబడలేదు, లోపలి మడతలో ఉండే ఇన్సులా అనే భాగంలో కనబడింది. ఆమెకేమో లీలగా హాయి అనిపించింది. ఇంత మంచి కథ చేతిలో పెట్టుకుని ‘ప్రేమ చోటు’ అనేశారు. నొప్పి కలిగినా, అసహ్యం వేసినా అదే ఇన్సులా పనిచేస్తుంది మరి!

నిమరడం మీద నాకైతే అనుమానం లేదు. స్కాన్ యంత్రం చప్పుడుకి పిల్లలు హడలిపోతారు. తల్లి చేత పిన్నులూ గొలుసులూ తీయించి పక్కన నిలబెడతాం. ఆవిడ పిక్క మీద మెల్లగా నిమురుతుంటే చాలామంది పిల్లలు కుదురుగా పడుకుంటారు. (పాదం గట్టిగా నొక్కిపట్టే నాన్నలుంటే స్కాన్ మళ్లీ తీయాల్సి వస్తుంది.)

ఇకపై ఇలాంటి బొమ్మ వేస్తే, ఎంతమందికి స్కాన్ తీశారో, దేన్ని దేంతో పోల్చారో కింద రెండు ముక్కలు రాయండి. స్కాన్ గదిలో సమాధానం చెప్పుకోవాల్సింది మేమే.

– ఒక ఎంఆర్‌ఐ టెక్నీషియన్, గుంటూరు